కాలని కాయిల్ని కోసిన రోజు

నా ముక్కు గురించి మీరు విని ఉండరు గానీ, మా కాలవ రోడ్డు మీద దానికి మంచి పేరుండేది. పాడైన మోటారు తెచ్చి షాపు ముందు దింపగానే నేను మూత కూడా విప్పేవాణ్ణి కాదు. వంగి ఓసారి వాసన చూసి, "ఇది పోయి మూడ్రోజులైంది. మధ్యలో ఇంకో షాపులో చూపించి, అక్కడ కుదరక ఇక్కడికొచ్చారు" అనేవాణ్ణి. తెచ్చినాయన మొహం చూడాలి అప్పుడు! చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి అంతకంటే పెద్ద పట్టా ఏం కావాలి చెప్పండి.

ముప్ఫై ఎనిమిదేళ్ళు మోటార్లకీ జనరేటర్లకీ రాగి తీగ చుట్టాను. ఇప్పుడు కళ్ళు ఆనడం లేదు, వేళ్ళు మాట వినడం లేదు, షాపు వేరేవాళ్ళకి అప్పగించేశాను. వైండింగ్ పనిలో కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళు కొందరు "మీ అనుభవాలేవన్నా రాయండి బాబాయ్" అంటున్నారు. బాగుచేసినవి రాస్తే మీకేం ఉపయోగం? అవి మీరూ చేస్తారు. పాడుచేసింది ఒకటి రాస్తాను. నవ్వుకునే చోట నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ చాలాసేపు నవ్వుతూనే ఉన్నాను. అదే అసలు సంగతి.

ముందు ఓ చిన్న పాఠం. ఇది లేకపోతే మిగతాది మీకు అందదు.

నాకు పని నేర్పిన గురువుగారిది ధవళేశ్వరం. రాజమండ్రిలో షాపు. మనిషి ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. చేరిన కొత్తలో నాకు చెప్పింది ఒక్కటే: "తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. మన బతుకంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తోంది."

"మరి జనరేటర్లో అయస్కాంతం ఎక్కడుందండీ? అంతా ఇనుమేగా?" అన్నాను.

"ఆ ఇనుప దిమ్మలకి కాయిల్స్ చుట్టాం కదా. వాటిలోకి కరెంటు వెళితే ఆ ఇనుమే అయస్కాంతం అవుతుంది."

"ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది?"

"జనరేటర్ నుంచే."

"చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుందండీ మీ పాఠం."

గురువుగారు నవ్వలేదు. "ఇంట్లో పాలు తోడెయ్యడం చూశావా? నిన్నటి పెరుగు ఓ చుక్క వేస్తే గిన్నెడు పాలు పెరుగవుతాయి. అలాగే నిన్న తిరిగినప్పటి అయస్కాంతం ఇనుములో రవ్వంత మిగిలి ఉంటుంది. తిరగడం మొదలవగానే ఆ రవ్వంత నుంచి కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటు అయస్కాంతాన్ని పెంచుతుంది, అది మళ్ళీ కరెంటుని పెంచుతుంది. కానీ జనరేటర్ చాలాకాలం మూల పడున్నా, గట్టి దెబ్బ తగిలినా ఆ చుక్క పోతుంది. అప్పుడు ఇంజన్ ఎంత తిరిగినా బల్బు వెలగదు. కాయిల్ కాలిపోయిందని కంగారుపడకు. పన్నెండు ఓల్టుల బ్యాటరీ తెచ్చి, వైర్లతో కాయిల్‌కి మూడు సెకన్లు ముట్టించు, లేస్తుంది. ముందు అది చూసి, ఆ తరవాతే పానా పట్టుకో."

"అయితే ఇది మజ్జిగ మిషనన్నమాట" అన్నాను. షాపులో అందరూ విరగబడి నవ్వారు. నవ్వు గుర్తుండిపోయింది. పాఠం మాత్రం కావలసిన రోజున గుర్తుకి రాలేదు.

ఆ రోజు తొమ్మిదేళ్ళ కిందటిది.

అప్పటికి మా వైపు వరి పొలాలు సగం రొయ్యల చెరువులైపోయాయి. చెరువులో రొయ్య బతకాలంటే నీళ్ళని చిలుకుతూ ఉండాలి. ఆ చిలికే చక్రాల్ని ఏరేటర్లంటారు. అవి ఆగితే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, రొయ్య ఉక్కిరిబిక్కిరై పైకి తేలుతుంది. ఎండ ఉంటే కాస్త ఓర్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజైతే గంటల లెక్కే.

ఆ రోజు మబ్బే. పైగా వానగాలికి తెల్లవారకముందే ఎక్కడో స్తంభాలు పడి కరెంటు పోయింది. ఎనిమిదింటికి నాకు ఫోనొచ్చింది. చేసినావిడ మా షాపుకి నాలుగు మైళ్ళ దూరంలో రెండెకరాల చెరువు కౌలుకి చేసే మనిషి. భార్యాభర్తలిద్దరూ చేసేవాళ్ళు. అంతకుముందు పంట తెగులొచ్చి పోయింది. ఇది గట్టెక్కితే చెరువు వాళ్ళ చేతిలో ఉంటుంది, లేకపోతే వదిలేసి వెళ్ళిపోవడమే. భర్త మేనమామ దినానికి తుని వెళ్ళాడు. చెరువు మీద ఆవిడొక్కతే ఉంది, ఇద్దరు కూలీలతో.

"మేస్త్రి గారూ, జనరేటర్ తిరుగుతోందండి, కరెంటు రావట్లేదండి. మీరు వెంటనే రావాలండి."

వెళ్ళాను. గట్టు మీద ఇంజన్ డుగుడుగుమని తిరుగుతోంది. దానికి తగిలించిన బల్బు మాత్రం వెలగడం లేదు. పక్క చెరువు రైతొకాయన కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయన జనరేటర్ ఆయన చెరువుకే చాలీచాలకుండా ఉంది, లేకపోతే ఇచ్చేవాడే. జనం ఉన్నారు కదా, నాకు ఊపొచ్చింది.

"మేస్త్రి గారూ, నిన్న ట్రాక్టర్ మీంచి దింపేటప్పుడండీ..." అని ఆవిడ మొదలెట్టింది.

"నిన్నటి సంగతి పంచాంగం చెప్పేవాళ్ళకి చెప్పాలమ్మా. నాకు ఇవాళ్టిది చాలు."

కూలీలు నవ్వారు. నేను ఇంజన్ ఆపించి జనరేటర్ మీదికి వంగాను.

"అది కాదండీ, ఇది షెడ్డులో చాన్నాళ్ళు..."

"డాక్టరు నాడి చూస్తుంటే పక్కింటోళ్ళు మాట్లాడకూడదు చెల్లెమ్మా."

మళ్ళీ నవ్వులు. ఆవిడ కూడా నవ్వింది పాపం, మర్యాదకి.

"ఒక్కసారి నా మాట వినండీ."

"వింటున్నానమ్మా. ముందు జనరేటర్ చెప్పేది విననియ్యి."

మూడోసారికి ఆవిడ ఊరుకుంది. నేను వాసన చూశాను. మాడిన వాసన గుప్పున కొట్టింది. లేచి నిలబడి, చేతులు దులుపుకుని, తీర్పు చెప్పేశాను: "కాలిపోయింది. లోపల తిరిగే కాయిల్స్ మాడి మసైపోయాయి."

పక్క చెరువాయన నెమ్మదిగా, "ఓసారి మీటరు పెట్టి చూడకూడదా మేస్త్రి గారూ?" అన్నాడు.

మీటరు షాపులో ఉంది. తెచ్చుకోలేదు. "మీటర్లు ముక్కు లేనివాళ్ళ కోసం కనిపెట్టారండి" అన్నాను. ఆయన నవ్వేశాడు. అందరం నవ్వాం. ఆ నవ్వుకి రెండడుగుల దూరంలో, ఇంజన్ స్టార్ట్ చేసే పన్నెండు ఓల్టుల బ్యాటరీ తాటాకు ముక్క కప్పుకుని కూర్చునుంది.

"ఎప్పటికవుతుందండీ?" అంది ఆవిడ.

"మధ్యాహ్నానికి తిరుగుతుంది. నాది పూచీ."

కాయిల్స్ చుట్టిన ఇరుసుని బయటికి లాగి, ఆటోలో వేసుకుని షాపుకి తెచ్చాను. దానికి నాలుగు వైపులా నాలుగు కాయిల్స్. వార్నిష్ గట్టిపడి ఉంటుంది కాబట్టి ఉలితో కొట్టి తియ్యాలి. మొదటి దాని మీద ఉలి ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాను. తెగి విచ్చుకుంది.

కాలిన కాయిల్ ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నల్లగా, ముట్టుకుంటే వేలికి మసి అంటుకుంటూ ఉంటుంది. ఇది అలా లేదు. తెగిన చోట రాగి, తోమిన చెంబులా తళతళలాడుతోంది. వార్నిష్ తేనె రంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు.

మంచి కాయిల్ని కోసేశాను.

అప్పుడు గుర్తొచ్చింది గురువుగారి పెరుగుచుక్క. ఆవిడ చెప్పబోయిన మూడు ముక్కలూ వరసగా గుర్తొచ్చాయి. ట్రాక్టర్ మీంచి దింపేటప్పుడు. షెడ్డులో చాన్నాళ్ళు. ఒక్కసారి వినండి. ఆవిడకి అయస్కాంతం సంగతి తెలియకపోవచ్చు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పబోయింది. అంతకంటే ఏ మీటరు చెబుతుంది!

ఇంతవరకూ జరిగింది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. అప్పుడు టైము పది. ఆ తెగిన ఒక్క కాయిల్ చుట్టుకుంటే పన్నెండుకల్లా అయిపోయేది. పరుగున వెళ్ళి బిగించి, బ్యాటరీ ముట్టించి, "అమ్మా, నాదే పొరపాటు" అని ఒప్పుకుంటే సరిపోయేది.

నేనేం చేశానో రాస్తాను. మిగతా మూడు కాయిల్స్ కూడా కోసేశాను.

ఎందుకంటే అన్నీ మాడి మసైపోయాయని అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు ఒక్కటే మార్చి, మూడు మంచివి ఉంచి తీసుకెళితే పక్క చెరువాయన అడగడా, "ఏం మేస్త్రి గారూ, ముక్కుకి జలుబు చేసిందా?" అని? ఆ ఒక్క వెటకారం నేను పడలేకపోయాను. ముప్ఫై ఏళ్ళు అందర్నీ వెటకారం చేసినవాణ్ణి. రొయ్యల గురించి ఆలోచించలేదా అంటే, ఆలోచించాను. ఈలోగా కరెంటొచ్చేస్తుందిలే అనుకున్నాను. పని తప్పు చేసిన ప్రతివాడూ ఏదో ఒకటి ఈలోగా వచ్చేస్తుందనే అనుకుంటాడు.

పన్నెండింటికి ఆవిడ ఫోన్ చేసింది. "రొయ్య పైకొచ్చేస్తోందండి. కూలీలు తాటిమట్టలతో నీళ్ళు కొడుతున్నారండి. ఇంకెంతసేపండీ?"

"దేవుడు రెండు చేతులే ఇచ్చాడు చెల్లెమ్మా, నాలుగు కాయిల్స్ ఉన్నాయి."

ఒంటిగంటకి ఇంకోసారి చేసింది. వెనక కొంగల అరుపులే వినిపించాయి. "వచ్చేస్తున్నానమ్మా" అన్నాను. ఆ తరవాత ఇంక ఫోన్ రాలేదు. అది మంచికే అని నాకు నేను చెప్పుకున్నాను.

నాలుగింటికి వెళ్ళాను. గట్టు మీద కూలీలు మట్టలు పక్కన పారేసి కూర్చున్నారు. ఆవిడ నిలబడే ఉంది. చీర మోకాళ్ళ దాకా బురద. చెరువు అంచునంతా తెల్లగా ఏదో పేరుకుని ఉంది. ఏదో ఏంటి, రొయ్యలే. నేను అటు చూడకుండా పని మొదలెట్టాను.

ఇరుసు లోపలికి పెడుతుంటే ఇంజన్ పొగగొట్టం పక్కన ఎండుగడ్డి కనపడింది. ఎలక గూడు. సగం కమిలిపోయి ఉంది. పొద్దున్న నేను చూసిన మాడిన వాసన అదన్నమాట. కాలవ రోడ్డు మీద ఇంత పేరున్న ముక్కు ఎలక ఇంటి వాసన చూసి, జనరేటర్ జాతకం చెప్పింది. దాన్ని తీసి నీళ్ళలోకి విసిరేశాను, ఎవరూ చూడకుండా.

ఇంజన్ తిప్పాం. బల్బు వెలగలేదు. కొత్త కాయిల్స్ వేసినా ఇనుము పాతదే కదా, దాన్లో చుక్క లేదు. బ్యాటరీ మీద తాటాకు తీసి రెండు వైర్లు పెట్టి ముట్టించాను. ఒకటి, రెండు, మూడు. బల్బు ఎర్రగా రాజుకుని, పసుపై, తెల్లగా వెలిగింది. ఏరేటర్లు గిర్రున తిరిగాయి.

"ఇదేంటండీ, బ్యాటరీ?" అన్నాడో కూలీ.

"కొత్త పెళ్ళికూతురికి బొట్టు పెట్టొద్దా మరి" అన్నాను. అప్పుడు కూడా. నా నోరు పడిపోలేదు.

చక్రాలు తిరుగుతుంటే చచ్చిన రొయ్యలు నీళ్ళతో పాటు పైకి లేచి, మళ్ళీ పడుతున్నాయి. ఆవిడ కాసేపు చూసి, "ఇంక ఆపెయ్యండి" అంది. తరవాత నావైపు తిరిగి, "పొద్దున్నించీ అన్నం కూడా తినకుండా చేశారండి. మీరేం చేస్తారు" అంది.

అప్పుడే భర్త వచ్చాడు, తుని బస్సు దిగి రోడ్డు మీంచి పరిగెత్తుకుంటూ. చెరువు చూశాడు. తరవాత నన్నడిగాడు, "ఏమైందండీ దీనికి?"

"కాయిల్స్ కాలిపోయాయండి."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నిన్న దింపేటప్పుడు పడిందని ఫోన్లో చెప్పావు కదే. చెప్పానా, నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని? పడేసి కాల్చావు."

"వాన వస్తుందన్నారని..." అంది ఆవిడ. పూర్తి చెయ్యలేదు. ఆ రోజు పొద్దున్న నేను అలవాటు చేశాను, వాక్యం సగంలో ఆపడం.

నేను అక్కడే ఉన్నాను. పానాలు సంచీలో సర్దుకుంటున్నాను. కింద పడితే కాయిల్స్ కాలవని చెప్పడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు. సంచీ తాడు బిగించి, బండెక్కి వచ్చేశాను.

ఆ వారంలో గురువుగారు ఏదో పనుండి షాపుకొచ్చారు. మూల పడున్న పాత తీగ చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూశారు. ఒక్కొక్కటీ నాలుగూ చూశారు.

"ఇది కాలిన తీగ కాదే."

"తొందర్లో ఓ పొరపాటు..." అన్నాను.

"ఒకటి పొరపాటు. మిగతా మూడు?"

ఆయన తీగ కింద పెట్టి, "వెళ్ళి వాళ్ళకి చెప్పిరా" అని వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. రెండు నెలలకి వాళ్ళు చెరువు వదిలేసి ఊరే వదిలి వెళ్ళిపోయారని తెలిసింది. అమ్మయ్య అనుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను, అమ్మయ్య అనే అనుకున్నాను. గురువుగారు ఆ తరవాత కూడా వచ్చేవారు, మాట్లాడేవారు, ఆ సంగతి మాత్రం మళ్ళీ అడగలేదు. నేను చెప్పివచ్చాననుకున్నారో, చెప్పనని తెలుసుకున్నారో. పోయినేడు ఆయన పోయారు.

తమ్ముళ్ళూ, మీటరు పట్టుకెళ్ళండి, బ్యాటరీ ముట్టించి చూడండి. ఇవి మీకు ఎవరైనా చెబుతారు. యంత్రం పక్కన నిలబడ్డ మనిషి ఏదో చెప్పబోతుంటే నోరు మూసుకోండి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొన్న చలికాలంలో కోరుకొండ రోడ్డులో వాళ్ళున్నారని తెలిసి వెళ్ళాను. ఇద్దరూ ఓ నర్సరీలో పని చేస్తున్నారు. నర్సరీ వెనకే రెండు గదుల ఇల్లు. నన్ను గుర్తుపట్టారు. ఆవిడ కుర్చీ వేసింది, మంచినీళ్ళకి లోపలికి వెళ్ళి వచ్చి, "ట్యాంకులో నీళ్ళయిపోయాయి, మోటారెయ్యండి" అని భర్తని కేకేసింది. స్విచ్చి ఆవిడ భుజం పక్కనే గోడకుంది.

ఆయన లోపల్నించి వచ్చి స్విచ్చి వేసి, నన్ను చూసి నవ్వాడు. "ఈవిడ వెయ్యదండి. మిక్సీ కూడా ముట్టుకోదు. ఈవిడ చెయ్యి పడితే కాయిల్ కాలిపోతుందని మా ఇంట్లో శాస్త్రం. మీకు తెలియందేముంది!"

ఆవిడ ఖాళీ గ్లాసు కొంగుతో తుడుస్తూ నిలబడింది. రోజూ వినే మాటకి ఎవరేమంటారు.

నేను చెప్పాను. ఎలక గూడు దగ్గర్నుంచి మొదలుపెట్టి, మొదటి కాయిల్, మిగతా మూడు కాయిల్స్, బ్యాటరీ, అన్నీ. దారి పొడుగునా రెండు మూడు జోకులు సిద్ధం చేసుకున్నాను, మొదట్లో కాస్త తేలిక పడడానికి. ఒక్కటీ నోటికి రాలేదు.

ఆవిడ నెమ్మదిగా అడిగింది, "మూడు సెకన్లాండీ?"

"మూడు సెకన్లమ్మా."

"ఆ బ్యాటరీ... మా ఇంజన్ పక్కన ఉన్నదేనా?"

"అదేనమ్మా."

"పన్నెండింటికి తెచ్చుంటే?"

అబద్ధం చెప్పడానికి అదొక్కటే చోటు మిగిలింది. అక్కడా చెప్పలేదు. "చాలావరకు బతికేవమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లి, గోడ మీంచి కారి వాకిట్లోకి వస్తున్నాయి. ఎవరూ కదల్లేదు. ఆయన భార్యతో, చాలా మెల్లిగా అన్నాడు: "ఆ మోటారు నువ్వే ఆపవే."

"మీరే ఆపుకోండి" అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ మీరేగా."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆయన స్విచ్చి వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. నేను కుర్చీలోంచి లేచాను. మా గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చినవాడు లేస్తే, వచ్చింది ఎవరైనా సరే, కాఫీ తాగి వెళ్ళమని ఒక మాటంటారు.

ఎవరూ అనలేదు. తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాకా నడిచాను. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.